కొండ కడుపులో పట్టాలు

చెంచురామయ్య అయ్యవారిని ప్రశ్న అడిగినవాడు జవాబుతో ఇంటికి పోయిన దాఖలా బిట్రగుంటలో లేదు. ఏ బంక మంచిదని అడిగితే కాఫీ తెప్పించేవారు. మలుపులో బొమ్మరైలు పెట్టె ఎందుకు బోల్తా పడుతోందని అడిగితే, పడినదాన్ని లేపి, మళ్ళీ పడేదాకా నడిపించి, పక్కన కూచుని తమాషా చూసేవారు. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి, అడిగినదానికి తిన్నగా చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా అని శిష్యులు గొణుక్కునేవారు. గొణుక్కుంటూనే ఆదివారం వచ్చేసరికి మళ్ళీ ఆయన గుమ్మంలోనే చెప్పులు విడిచేవారు.

ఆ గుమ్మం వెనక ఒకటే గది, గదిలో ఒకటే బల్ల, బల్ల మీద ఒక బుల్లి రైల్వే. పెద్ద ఇంజన్ల షెడ్డు మూతబడి ఊరు చిన్నబోయిన రోజుల్లో అయ్యవారు దాన్ని కట్టుకున్నారు. జానెడు స్టేషను, అగ్గిపెట్టెలంత ఇళ్ళు, గోనెపట్టా మీద ప్లాస్టరు పూసి చేసిన కొండ. ఒక రైలు కొండ సొరంగంలోకి దూరితే, కాసేపటికి అవతలి సొరంగంలోంచి ఇంకో రైలు బయటికొచ్చేది. కొత్తగా చూసినవాళ్ళు నోరు తెరిచేవారు. అసలు సంగతేమిటంటే, కొండ డొల్ల. దాని కడుపులో ఐదు పట్టాలు పక్కపక్కనే ఉండేవి. పోయిన బండి అక్కడ ఆగేది, ముందే ఆగి ఉన్న బండి బయలుదేరేది. శిష్యులు వాటిని చాటు లైన్లనేవారు. ఆట ముగిశాక బళ్ళన్నిటినీ కొండలోకి చేర్చిగాని అయ్యవారు గదికి తాళం వేసేవారు కాదు. బళ్ళు ఇల్లు చేరకుండా మనం ఇల్లు చేరగూడదని ఆయన పట్టు.

శిష్యుల్లో మాల్యాద్రి అని ఒకడు. బజారులో ఎలక్ట్రికల్ షాపు వాడిది. వైర్ల పని వాడికి వెన్నతో పెట్టిన విద్య. అయ్యవారిని చూసి వాడూ ఇంట్లో ఒక రైల్వే మొదలుపెట్టాడు. అద్దె ఇల్లు, రెండు గదులు, మంచాలు పరిస్తే కాలు పెట్టను సందుండదు. పాత తలుపు చెక్క ఒకటి సంపాదించి, గోడకు ఆనించి, దాని మీదనే ఊరూ వాడా పట్టించాలని వాడి ఆశ. ఆ చెక్క మీద కొండ లేపి, కొండలో చాటు లైన్లు వేస్తే, బజారుకు జాగా చాలదు. బజారు పెడితే చాటు లైన్లకు చాలదు. నెల రోజులుగా వాడు చెక్క మీద సుద్దముక్కతో గీయడం, తుడవడం, ఇదే పని.

అట్లాంటి ఒక ఆదివారం వాడు కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. భార్య వసుంధర చుట్టాల పెళ్ళికి పోయింది, పిల్లను చూసుకునేందుకు ఇంకెవరూ లేరు. పిల్ల పేరు కామాక్షి. ఐదో ఏడు నడుస్తోంది, ఇంతవరకు ఒక్క మాట లేదు. పలకరిస్తే మొహం చూడదు. నాలిక మీద వస అరగదీసి రాశారు, జొన్నవాడ అమ్మవారి గుళ్ళో నిద్ర చేయించారు, పిల్లకు పెట్టిందీ ఆ అమ్మవారి పేరే. నెల్లూరు డాక్టరు చెవులు బాగానే ఉన్నాయని చెప్పి, మాటలు నేర్పే ఒకావిడ దగ్గరికి పంపించాడు. మంగళవారం మంగళవారం షాపు మూసి మాల్యాద్రి పిల్లను రైల్లో తీసుకుపోతాడు. ఆవిడ బొమ్మలు చూపిస్తుంది, పేర్లు చెబుతుంది, పిల్ల కిటికీ చూస్తుంది. ఇంట్లో వసుంధరేమో గిన్నె కడిగితే గిన్నె అని, గుడ్డ ఉతికితే గుడ్డ అని, పొద్దస్తమానం పిల్లకు చెబుతూనే ఉంటుంది. ఎడతెగని ఆ మాటల హోరులో మాల్యాద్రి రానురాను మూగవాడయ్యాడు.

ఆ రోజు పిల్ల మారాం చేయలేదు. సొరంగం నోటి పక్కన ఒక స్టూలు ఉంటే ఎక్కి కూచుంది, సాయంత్రం దాకా అక్కడినుంచి కదల్లేదు. బళ్ళన్నీ కొండలోకి చేరాక మాల్యాద్రి తన ప్రశ్న బయటపెట్టాడు.

"అయ్యవారా, నాకుండేది తలుపు చెక్కంత జాగా. దాంట్లో మూడోవంతు ఎవరికీ కనపడని దానికి పోస్తే దండగ గాదా?"

పట్టాల గురించే అడిగాడు. అయినా చివరి మాట దగ్గర వాడి కళ్ళు కూతురి మీదికి పోయాయి. అయ్యవారు చేతులు తుడుచుకున్నారు. స్టూలు మీది పిల్లను కాసేపు చూశారు. వచ్చే ఆదివారం కూడా అమ్మణ్ణిని తీసుకురమ్మన్నారు. అంతే, వేరే మాట లేదు. కాఫీ కూడా రాలేదు కదా అని ఇంకో శిష్యుడు నవ్వాడు.

ఆ వారంలో మాల్యాద్రి ఇంట్లో పెద్ద గొడవైంది. ఇక నెల్లూరు పోయేది లేదని వాడు తేల్చేశాడు. రాయికి నీళ్ళు పోస్తే మొలక రాదన్నాడు. వసుంధర అన్నం పెట్టింది గాని ఎదురుగా కూచోలేదు. రాయి అన్నది కన్నబిడ్డను. ఆ మాట నోరు జారిన క్షణంనుంచీ వాడికి ముద్ద దిగలేదు. దిగకపోయినా మాట వెనక్కు తీసుకోలేదు. మగవాడి పౌరుషమంటే ఇట్లాంటి చోట్లే గదా అక్కరకొచ్చేది!

ఆదివారం పిల్లను తీసుకొచ్చాడు. అది ఎవర్నీ అడగకుండా పోయి సొరంగం పక్కన అదే స్టూలు ఎక్కింది. అయ్యవారు మీట తిప్పారు. ముందు ప్యాసింజరు వచ్చింది. పిల్ల దాన్ని ఒక్కసారి చూసి, మళ్ళీ సొరంగంలోకి చూడసాగింది. తర్వాత గూడ్సు వచ్చింది. అంతే. మెయిలు ఈల వేసుకుంటూ వచ్చింది, శిష్యులు చప్పట్లు కొట్టారు. పిల్ల మాత్రం రెండు చేతులూ కొండకు ఆనించి, నల్లటి ఆ సందులోకి తల వంచి చూస్తోంది. బళ్ళు తిరుగుతున్నాయి, స్టేషన్లో ఆగుతున్నాయి, ముక్కు ముందునుంచే పోతున్నాయి. దానికి అవేవీ పట్టలేదు.

మాల్యాద్రికి తల కొట్టేసినట్టయింది. పోదాం రమ్మని చెయ్యి పట్టుకుంటే అది బల్లకోడును వాటేసుకుంది. విడిపించబోతే నోరు తెరవకుండానే ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు వాడు అందరి ముందూ అననే అన్నాడు.

"చూశారు గదా అయ్యవారా. ఎదురుగా వచ్చిన బండిని చూడదు. బండి లేని చోటే చూస్తాది. దీని లోపల ఏముందని నేనింకా నెల్లూరు తిరగాల?"

అయ్యవారు మీట కట్టేశారు. బల్ల మీద నిలబడిన బళ్ళను చూశారు, పిల్లను చూశారు, మళ్ళీ బళ్ళను చూశారు. ప్యాసింజరు, గూడ్సు, మెయిలు అని పెదాలు కదిపారు. నాలుగో పేరు దగ్గర ఆగిపోయారు. పోయి, కొండను పెట్టె మూతలాగ రెండు చేతులా పైకెత్తారు.

అన్నిటికంటే లోపలి పట్టా మీద, గోడవారగా, ఎర్రటి రైలుబస్సు ఒకటి నిలబడి ఉంది. ఒంటిపెట్టె బండి, దుమ్ము పట్టి ఉంది. పోయిన ఆదివారం చక్రాలకు మడ్డి పట్టి అది ఈడ్చుకుంటూ కొండలోకి పోయిందనీ, తుడవాలనుకుని తాను మరిచిపోయాననీ అయ్యవారు అప్పుడు చెప్పారు. ఆ రోజు అక్కడున్న శిష్యులందరూ దాన్ని లోపలికి పంపినవాళ్ళే. ఈ రోజు అది బయటికి రాలేదని వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. బళ్ళు ఇల్లు చేరాలని రోజూ పాఠం చెప్పే అయ్యవారికీ తట్టలేదు.

మాల్యాద్రి కూతురి చెయ్యి వదిలేశాడు. వారం రోజులు ఆ బండిని ఆ పిల్ల లోపల పెట్టుకుని ఉంది. తిండి తినేటప్పుడు, కిటికీ చూసేటప్పుడు, నాన్న తనను రాయి అన్నప్పుడు కూడా. తాను ఇంతకాలం ఖాళీ అనుకున్నది ఖాళీ కాదు. వాడు గోడవార చతికిలబడి, మొహం కప్పుకోవడం కూడా మరిచిపోయి ఏడ్చాడు.

అయ్యవారు ఆ బండిని చేత్తో తీసి పిల్లకు ఇవ్వలేదు. చక్రాలు స్పిరిటు గుడ్డతో తుడిచి, మళ్ళీ అదే చీకటి పట్టా మీద పెట్టి, కొండను దించేశారు. మీట మెల్లగా తిప్పారు. ముందు గరగరమని చప్పుడు వినిపించింది. తర్వాత సొరంగంలో మసక వెలుతురు కనబడింది. ఆ వెనకనే రైలుబస్సు, ఎక్కడికి తొందరన్నట్టు, నింపాదిగా బయటికొచ్చింది.

పిల్ల మాట్లాడలేదు. అద్భుతాల కోసం చదివేవాళ్ళు నన్ను క్షమించాలి. అది బల్లకు చెంప ఆనించి, ఎర్రబండి తన కళ్ళ ముందునుంచి పోయి స్టేషన్లో ఆగేదాకా చూసింది. ఆగాక స్టూలు దిగింది. నేరుగా గుమ్మంలోకి పోయి చెప్పులు వేసుకుంది, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. తండ్రి దగ్గరికి తిరిగొచ్చి వాడి చూపుడువేలు పట్టుకుంది. దాని పని అయిపోయింది, ఇక ఇంటికి పోవచ్చు.

మాల్యాద్రి కళ్ళు తుడుచుకుని లేచాడు. మంగళవారం షాపు తెరవనని, నెల్లూరు పోవాలని, ఎవరూ అడక్కముందే చెప్పాడు. ఈ మాట ఇంట్లో కూడా చెప్పమని అయ్యవారు గుర్తుచేస్తే, తల వంచుకుని సరేనన్నాడు. గుమ్మం దాకా పోయినవాడు పిల్ల వేలు పట్టుకుని ఉండగానే వెనక్కు తిరిగాడు. తాను గీసిన బజారు తీసేస్తానన్నాడు. వీధిలో ఇళ్ళ వరస ఒకటి నిలబెట్టి, ఆ ఇళ్ళ వెనక జానెడు జాగాలో చాటు లైన్లు వేస్తే, తలుపు చెక్క మీదైనా పడతాయి గదా అన్నాడు. అయ్యవారు తలూపారు. ఎన్ని లైన్లు వెయ్యమంటారని వాడు అడిగాడు.

"నీ దగ్గిర బళ్ళెన్ని?"

"రెండే."

చెంచురామయ్య అయ్యవారు పుట్టి బుద్ధెరిగి తిన్నగా జవాబు చెప్పింది ఆ ఒక్కసారేనని శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"అయితే మూడెయ్యి, అబ్బయా. ఎప్పుడూ ఒకటి ఖాళీగా ఉంచాల. లేకుంటే వచ్చేది యాడ నిలబడతాది?"