మంత్రిగారి నోట్లో తాంబూలం

కోట గుమ్మం పక్కన రాతిశాసనం చూశారు కదా? ఏం చూశారో చెప్పండి! అక్షరాలేనా? సరిగ్గా చూడండి. అందులో ఉన్నది కాలువ చివరి ఊళ్లవాళ్ల తిండి. 'నీళ్లు ముందు చివరి పొలాలకు, ఆ తర్వాతే పై పొలాలకు' అని చెక్కించారు పెద్దలు. ప్రజలు ఒప్పుకుంటే తప్ప అందులో ఒక్క ముక్క మార్చకూడదు.

మల్లభూపతి రాజుకు ఒకనాడు సరదా పుట్టింది.

"మంత్రీ, ఆ శాసనం పాతబడిపోయింది. మార్చుదామా వద్దా, ప్రజల్నే అడుగుదాం. ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి?"

మంత్రి దండపాణి ముఖం వెలిగిపోయింది. వెలగదా మరి! కాలువ మొదట్లో ఉన్న పొలాలన్నీ ఆయనవే.

"నాట్ల రోజుల్లో అడుగుదాం ప్రభూ. కోట వాకిట్లో ఒక్క పూట. వచ్చి నోటితో వద్దన్నవాళ్లనే లెక్కపెడదాం. నోరెత్తనివాళ్లంతా ఒప్పుకున్నట్టే!"

"భలే సులువుగా ఉందయ్యా!" అన్నాడు రాజు.

కొలువులో పుల్లప్ప అని ఒక హాస్యగాడు. వాళ్లక్క పొలం కాలువకు చిట్టచివర. నాట్లు వదిలి అక్క కోటదాకా ఎలా వస్తుందని ఆయన లోలోపల మండిపడ్డాడు. పైకి మాత్రం చప్పట్లు కొట్టాడు.

"ఇంత గొప్ప ఆలోచనకు బహుమానం లేదా ప్రభూ? మీ చేత్తో మంత్రిగారికి తాంబూలం ఇప్పించండి!"

రాజు తన పళ్లెంలోంచి అరచేతి మందం తాంబూలం తీసి ఇచ్చాడు. మంత్రి మీసం సవరించుకుని మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. ఆ కొలువులో ఒక మర్యాద ఉంది. రాజు చేతి తాంబూలం నోట్లో ఉన్నంతసేపు మాట్లాడకూడదు, ఉమ్మనూ కూడదు.

పుల్లప్ప గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, నాదీ ఒక సవరణ. మంత్రిగారి పై పొలాలు ఈ రోజు నుంచి చివరి ఊళ్లవాళ్లవి. ఎవరైనా వద్దంటారా?"

"మ్మ్! మ్మ్మ్!" మంత్రి బుగ్గలు పూరీల్లా పొంగాయి. రెండు చేతులూ గాలిలో ఆడించాడు.

"మంత్రిగారు ఆనందంతో నాట్యం చేస్తున్నారు ప్రభూ! నోటితో ఎవరూ వద్దనలేదు. సవరణ గెలిచినట్టే కదా?"

మంత్రి ఇక తట్టుకోలేక మొత్తం గుటుక్కున మింగేశాడు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే అరిచాడు.

"అన్యాయం! నోట్లో తాంబూలం పెట్టించి అడుగుతావట్రా?"

పుల్లప్ప వంగి దండం పెట్టాడు.

"చేతులు బురదలో ఉన్నప్పుడు అడగొచ్చా మంత్రిగారూ?"

కొలువంతా ఘొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వి, ఆ తర్వాత కాస్త సిగ్గుపడ్డాడు.

"మంత్రీ, నీ పొలాలు నీకే ఉంటాయిలే, ఏడవకు. ప్రజల్ని మాత్రం కోతలయ్యాక అడుగుదాం. ఏ ఊరివాళ్లను ఆ ఊళ్లోనే అడగాలి. ఏం మారుతుందో, ఎవరి నీళ్లు ఎటు పోతాయో ముందు అందరికీ విడమరిచి చెప్పాలి. నోరెత్తనివాణ్ణి ఏ లెక్కలోనూ వెయ్యకూడదు."

తన భుజం మీది జరీ శాలువా తీసి పుల్లప్పకు కప్పాడు.

నవ్వారా? నవ్వండి, తప్పులేదు. కానీ మిమ్మల్ని ఔనా కాదా అని అడిగే రోజును ఎవరు ఎంచారో, ఎందుకు ఎంచారో, మీరు ఎప్పుడైనా అడిగారా?