రాజుగారి పంచె, వైద్యుడి వణుకు

కలువకొలను రాజు మల్లభూపతి ఒకనాడు నిండు కొలువులో కొత్త శాసనం చదివించాడు. ఇకమీదట సభలో బొడ్డు కింది మాట ఎవరెత్తినా నాలుక కోయిస్తానన్నాడు.

కారణం పెద్దదేమీ కాదు. జాముకి నాలుగుసార్లు రాజుగారు సింహాసనం దిగి పెరటి వైపు పోవడం, అక్కడ చాలాసేపు నిలబడి ఉసూరుమంటూ తిరిగి రావడం చూసి, సేనాపతి పక్కవాడి చెవిలో ఏదో అని నవ్వాడు. యుద్ధంలో వెన్ను చూపని వీరుడికి ఆ నవ్వు బాణంలా గుచ్చుకుంది. జబ్బు దాస్తే అదే పోతుందనుకునే తెలివి మగవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది. నెత్తిన కిరీటం పెడితే ఇంకాస్త ముదురుతుంది.

రాజు దాచినదంతా తెలిసిన మనిషి కోటలో ఒక్కతే. కోట బట్టలుతికే పోలి. నెల్లాళ్ళుగా ఆమె రాజుగారి పంచెల మీద ఎర్ర చుక్కలు చూస్తోంది. తాంబూలం మరకలని పైనుంచి కబురొచ్చింది. నోట్లో వేసుకున్న తాంబూలం అక్కడెలా ఒలికిందని పోలి అడగలేదు. ఆమెకి తన నాలుకతో ఇంకా పనుంది.

కానీ గుబులు పట్టుకుంది. ఆమె మామ కూడా ఇలాగే ఎర్రగా పోస్తూ, నొప్పి లేదు కదా అని ఏడాది దాచాడు. చివరికి బొట్టు పడక, పొట్ట ఉబ్బి, రెండు రోజులు అరిచి అరిచి పోయాడు.

అందుకే ఆస్థాన వైద్యుడు సర్వజ్ఞభట్టు చెవిన వేసింది. ఆమె మాట వినకముందే ఆయన ముక్కు మూసుకున్నాడు. బండకేసి బట్ట బాదే దానికి వైద్యం ఎందుకన్నాడు. రాజుది సింహం లాంటి ఒళ్ళనీ, మాటిమాటికీ వెళ్ళడం బలానికి గుర్తనీ కొట్టిపారేశాడు. అంతఃపురంలో మూత్రం మంటతో, చలిజ్వరంతో మెలికలు తిరిగే ఆడవాళ్ళకి ఆయనిచ్చే మందు ఒక్కటే, ఓర్చుకోమనడం. రాజుకి మాత్రం వెండి గిన్నెలో లేహ్యం, దాని మీదికి ఒక శ్లోకం.

పోలి అదను కోసం కాచుకుంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకం జరిగిన తిథినాడు రాజూ, కొలువులోని పదిమంది పెద్దలూ ఒకే మగ్గం మీద నేసిన, అంచు లేని ముతక పంచెలు కట్టాలి. ఆ ఒక్కరోజూ అందరూ ఒకటేనట. మర్నాడు వాటిని ఉతికి తెచ్చి, సభలోనే ఎవరిది వారికి అందించాలి. ఏది ఎవరిదో ఉతికిన మనిషి చెబితేనే తెలుస్తుంది.

తిథి వచ్చింది, వెళ్ళింది. మర్నాడు పోలి మూట విప్పి పంచెలు పంచింది. వైద్యుడు తన చేతిలో పెట్టినదాని మడత విప్పాడు. ముందు భాగాన మూడు ఎర్ర చుక్కలు.

"ఏమే, ఇది ఉతకలేదా?"

"నాలుగుసార్లు ఉతికాను బాబయ్యా. చౌడుమన్నుకి లొంగలేదు. అదేం మరకో చదువుకున్నవారు, తమరే చెప్పాలి."

భట్టు గోటితో గీకి చూశాడు. వాసన చూశాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. అరవై దాటినవాడు, ఈమధ్య తానూ తరచుగా లేస్తున్నాడు. సభ మర్చిపోయాడు, శాసనం మర్చిపోయాడు.

"ప్రభూ, రేవుపట్నానికి పడవ సిద్ధం చేయించండి. ఈ పూటే నేను శస్త్రవైద్యుణ్ణి చూడాలి."

ఏమైందని రాజు అడిగాడు. నొప్పిగా ఉందా అన్నాడు.

"నొప్పి లేదని ఊరుకోకూడదు ప్రభూ. మూత్రంలో నెత్తురు ఒక్కసారి పడినా చూపించుకోవాలి. రాయి కావచ్చు, పుండు కావచ్చు, లోపల కంతి కావచ్చు, చూడనిదే ఎవడు చెప్పగలడు? ధార సన్నబడినా, మంటతో జ్వరం వచ్చినా జాగు చేయకూడదు. వృషణం వాచినా, గట్టిపడినా దాచకూడదు. బొత్తిగా ఆగిపోతే గడియ కూడా ఆగకూడదు."

"ధార సన్నబడినా?" అన్నాడు రాజు. ఆయన గొంతు అంతకన్నా సన్నగా పలికింది. మరి లేహ్యం తింటే తగ్గదా అని అడిగాడు.

"లేహ్యమా ప్రభూ? అది ఉత్త బెల్లమూ నెయ్యీ!"

అప్పుడు పోలి ముందుకొచ్చి, పంచె కొన తిరగేసి చూపించింది. ఎవరి బట్టో తెలియడానికి నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు, గోరంత గీత ఒక్కటే.

"పొరపాటైంది బాబయ్యా. తమ గుర్తు రెండు గీతలు. ఇది తమది కాదు."

భట్టు గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "నాది కాదా? అయితే కంగారేమీ లేదు. ఎవడిదో వాడే చూసుకుంటాడు."

పోలి ఆ పంచెను మడిచి రాజు పాదాల దగ్గర పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

రాజు వంగి, కొన మీది ఒంటి గీత చూశాడు. తన శాసనం సంగతి తెలుసా అని మెల్లగా అడిగాడు.

"తెలుసు ఏలినవారూ. నేను ఒక్క మాటా అనలేదు. అన్నీ వైద్యులవారే సెలవిచ్చారు."

వైద్యుడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ వాలకం చూసి ముందు నవ్వింది రాజే. ఆపైన సభంతా విరగబడి నవ్వింది.

శాసనం అక్కడికక్కడే చిరిగింది. భట్టు ఇప్పుడన్న మాటలనే పొల్లుపోకుండా వీధి వీధినా దండోరా వేసి చెప్పాలనీ, అంతఃపురంతో మొదలుపెట్టాలనీ రాజు ఆజ్ఞ ఇచ్చాడు. రేవుపట్నం పడవ తన కోసం సిద్ధం చేయమని, తన చేతి బంగారు కంకణం తీసి పోలి ముందు పట్టాడు.

పోలి చెయ్యి చాచలేదు.

"కంకణం ఎక్కడికీ పోదు దొరా. పడవ పోతుంది. ముందు మీరు ఎక్కండి."