మాట్లాడే పెట్టె, బసవయ్య కన్ను

అనగనగా... మరీ అంత అనగనగా కాదులెండి, మాట్లాడే పెట్టెలు ఇళ్లలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, వేగవరం అనే ఊళ్లో బసవయ్య అనే పసరు వైద్యుడు ఉండేవాడు.

ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆకు పిండడం, కంట్లో పోయడం, "తగ్గుతుందిలే" అనడం, ఇదే ఆయన విద్య. తగ్గినవాళ్లు పొగిడేవాళ్లు. తగ్గనివాళ్లకు ఆయన ఇంటి దారి కనబడేది కాదు.

ఇప్పుడు అరుగు బోసిపోయింది. అందరూ పెట్టెనే అడుగుతున్నారు. అది వైద్యగ్రంథాలన్నీ చదివిందట. ఏమడిగినా మనిషిలా జవాబు చెబుతుంది. కళ్లు మాత్రం లేవు దానికి.

బసవయ్య పొద్దస్తమానం పాత రోజులే తలుచుకునేవాడు. తల్లులు కొంగు ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి, పిల్లల కళ్లకు అద్దుతూ తన అరుగెక్కిన రోజులు. వేపగాలి, పసరు వాసన, "బాబాయ్, ముందు మావాణ్ణి చూడు" అనే కేకలు.

ఒకనాడు ఆయన కన్నే ఎర్రబడింది. తన పసరే రెండు కళ్లలోనూ పోసుకున్నాడు. మర్నాటికి చూపు మసకేసింది.

భార్య నాంచారమ్మ పెట్టె తెచ్చి ముందు పెట్టింది. "అడగవయ్యా. కన్ను పోయాక అడుగుతావా?"

బసవయ్య గొంతు సవరించుకున్నాడు. "మా పొరుగాయనకు కన్ను ఎర్రబడింది. నిద్ర చాల్లేదు."

"కంట్లో ఏమైనా పోశారా అయ్యా?" అంది పెట్టె.

"లేదు." నిజం చెబితే ఆ పాత రోజులు కూడా తనవి కాకుండా పోతాయని ఆయన భయం.

"అయితే విశ్రాంతి ఇవ్వమనండి. తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి."

పడుకున్నాడు. తగ్గలేదు.

రెండోసారి నలుసు పడిందన్నాడు. పెట్టె మళ్లీ అదే అడిగింది. ఈయన మళ్లీ లేదన్నాడు. మంచినీళ్లతో కడగమంది. కడిగాడు. మంట పెరిగింది.

మూడోసారి దుమ్ముగాలి అనబోతుంటే నాంచారమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నేనిప్పుడు నవ్వుతున్నానా, ఏడుస్తున్నానా?"

బసవయ్య కళ్లు చికిలించి చూసినా పోల్చుకోలేకపోయాడు.

ఆమె పెట్టె వైపు తిరిగింది. "పొరుగాయనా లేడు, నలుసూ లేదు. ఈయనే. పసరు పోసుకున్నాడు. నా ముఖం కూడా కంటికి ఆనడం లేదు."

"అమ్మా, నేను మాట వినగలను గాని కన్ను చూడలేను. మందు చెప్పను. పసరు ఆపండి, కన్ను నలపనివ్వకండి. ఇప్పుడే కంటి వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి."

పట్నంలో వైద్యురాలు దీపం వేసి చూసింది. "ఏం పోసుకున్నారు తాతగారూ?"

బసవయ్య భార్య వైపు చూశాడు. ఆవిడ ఈసారి నువ్వే చెప్పమన్నట్టు ఆయన భుజం తట్టింది.

"పసరమ్మా," అన్నాడు మెల్లగా. "నాదే."

చూపు దక్కింది. పేరే కాస్త మసకేసింది.

చూసే వైద్యుడినైనా, చూడలేని పెట్టెనైనా, నిజం చెప్పి అడిగినవాడికే సరైన దారి దొరుకుతుంది.