మంచుపెట్టెలో ఓబిలప్ప చెయ్యి

తిప్పనపల్లెలో ఓబిలప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. ఎవరేం చెప్పినా నమ్మేవాడు కాదు, నమ్మకపోతే చాలు, ఇక తను చెయ్యవలసిన పనేమీ లేదనుకునేవాడు.

ఆ అలవాటు అతనికి ఊరికే రాలేదు. ఆరేళ్ళ కింద ఊరి బయట గొర్రెలు నీళ్ళు తాగడానికి ప్రభుత్వం వాళ్ళు సిమెంటు తొట్టి కట్టించారు. నెల తిరిగేలోగా కుళాయి వేసి నింపుతామని ఒక అధికారి మైకులో చెప్పి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి వెళ్ళాడు. తొట్టి మీదికి నీలిరంగు అక్షరాలు వచ్చాయి గాని లోపలికి నీళ్ళు రాలేదు. రెండో ఏడాదికి అందులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. అప్పటినుంచి ఎవరు ఏ మాట మోసుకొచ్చినా ఓబిలప్ప, "తొట్టి నిండనీ, అప్పుడు నమ్ముతా" అనేవాడు. రోడ్డు వస్తుందన్నా అదే మాట, పింఛను పెరుగుతుందన్నా అదే మాట.

ఫోనులో వచ్చే కబుర్లన్నా అంతే. నిమ్మచెక్క నాలుక కింద పెట్టుకుంటే మోకాళ్ళ నొప్పి పోతుందని టీ అంగడి ఈరన్న ఒకరోజు ఫోను చూసి అందరికీ చదివి వినిపించాడు. నీ నొప్పి పోయిందా అని అడిగాడు ఓబిలప్ప. ఈరన్న కుంటుకుంటూ వచ్చి అతని ముందు టీ గ్లాసు పెట్టాడు. అందరూ నవ్వారు. ఊళ్ళో మోసపోనివాణ్ణి నేనొక్కణ్ణే అని ఓబిలప్ప మీసం దువ్వుకున్నాడు.

ఆ మీసం పోయినేడు కిందికి దిగింది. తొలకరికి ముందు పశువుల ఆసుపత్రి వాళ్ళు చిటుకు రోగానికి టీకా వేస్తామని వచ్చారు. తొలి వానకు మొలిచిన లేత గడ్డిని గొర్రె ఆబగా మేస్తే వచ్చే రోగం అది. పొద్దున గంతులేసిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్ళు చాపేస్తుంది. వైద్యం చేసేంత వ్యవధి కూడా ఇవ్వదు. ఓబిలప్ప ఎండిన తొట్టి వైపు చెయ్యి చూపించి, మందను తోలుకుని గుట్ట మీదికి పోయాడు. టీకా వేయించిన మందలు నిలిచాయి. అతని మందలో పదకొండు గొర్రెలు పోయాయి.

పోయినవాటిలో ఎనిమిది నల్లమూతి గొర్రెలు. అవి అతనివి కావు, భార్య సాకమ్మవి. వాళ్ళ ఇళ్ళలో ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళేటప్పుడు తల్లి ఒక ఆడ గొర్రెపిల్లను చేతికిచ్చి పంపేది. దాని సంతతి అంతా ఆ పిల్లదే. మొగుడు మేపాలి గాని అమ్మకూడదు, కోయకూడదు. సాకమ్మ తల్లి ఇచ్చిన నల్లమూతి పిల్ల వంశం ముప్పై ఏళ్ళుగా ఆ మందలో ఉంది. తల్లి చనిపోయాక ఆ గొర్రెల మొహం చూస్తేనే సాకమ్మకు కడుపు నిండేది. ఇప్పుడు మూడే మిగిలాయి. ఆమె భర్తను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఓబిలప్పకు అనిపించేది.

ఈ ఏడు మళ్ళీ రోహిణి ఎండలు వచ్చాయి. రేపు పంచాయతీ ఆఫీసు దగ్గర చిటుకు రోగానికి టీకాలు వేస్తారని, మందు మంచిదని, భయం అక్కర్లేదని పొద్దున్నే మైకులో చెప్పారు. ఆ మైకు ఆగకముందే ఈరన్న ఫోను మోగింది. నలుగురూ దాని చుట్టూ మూగారు. వరసగా చచ్చిపడిన గొర్రెల ఫొటో, దాని కింద ఒక మగగొంతు. బూదిగుట్టలో నిన్న టీకాలు వేశారట. తెల్లారేసరికి నలభై గొర్రెలు చచ్చాయట. పోయినేటి మందు కాదట, ఇది కొత్త మందట. ప్రభుత్వం దాచిపెడుతోంది, అందరికీ పంపండి అని ఆ గొంతు వణుకుతూ చెప్పింది.

అంతవరకు టీకా వేయిద్దామనుకున్నవాళ్ళు కూడా వెనక్కి తగ్గారు. ఓబిలప్పను అడిగారు. మైకు మాటా నమ్మను, ఫోను మాటా నమ్మను, తొట్టి నిండనీ అని అతను తుండుగుడ్డ దులుపుకుని ఇంటికి వచ్చాడు. సాకమ్మకు అంతా చెప్పి, జొన్నరొట్టె ముందు కూర్చున్నాడు.

సాకమ్మ రొట్టె మీద పప్పు వెయ్యలేదు. గరిటె పట్టుకుని నిలబడింది.

"పోయినేడు నువ్వు నమ్మలేదని రోగమేమన్నా ఆగిందా?" అంది.

ఓబిలప్ప తల వంచుకున్నాడు. ఏడాదిగా ఆమె మింగుకున్న మాట అది.

"ఎవరినో ఒకరిని నమ్మమంటావా అయితే?"

"నమ్మమని నేనెందుకంటా? చూసి రమ్మంటాండా. బూదిగుట్ట ఏమన్నా కాశీనా, రెండు మైళ్ళు. నమ్మేవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు, నమ్మనోడివి నువ్వు ఇంట్లో కూర్చున్నావు. తేడా ఏముంది? నావి ఇంక మూడే ఉండాయి."

అతను రొట్టె తినలేదు. చేతికర్ర తీసుకుని బయలుదేరాడు.

ముందు ఈరన్న అంగడికి వెళ్ళి ఆ ఫొటో మళ్ళీ చూపించమన్నాడు. వేళ్ళతో పెద్దది చేయించి, ఫోనును కంటికి దగ్గరగా పెట్టుకుని, మందలో తప్పిపోయిన గొర్రెను వెతికినట్టు వెతికాడు. ఆ గొర్రెలకు ఒళ్ళంతా మూరెడు ఉన్ని ఉంది. తోకలు కొవ్వుపట్టి బరువుగా వేలాడుతున్నాయి. ఈ తట్టు కాపరులు ఇంటికొక తీరున గొర్రె చెవికి గాటు పెడతారు. ఎవరి గొర్రె ఎవరిదో గాటు చూసి చెబుతారు. ఫొటోలో ఒక్క చెవికీ గాటు లేదు. అన్నిటికీ పసుపుపచ్చ బిళ్ళలు వేలాడుతున్నాయి.

"ఇదేదో చలిదేశపు మంద, ఈరన్నా" అన్నాడు ఓబిలప్ప. "బూదిగుట్ట ఎండకు ఈ ఉన్నితో ఒక్క పూట బతకదు. అందరూ చావునే చూశారు గాని గొర్రెను చూడలేదు."

చూడనివాళ్ళలో తానూ ఉన్నానని అతనికి తెలుసు.

ఇంతకుముందైతే అక్కడితో ఆగి మీసం దువ్వుకునేవాడే. ఫొటో అబద్ధమైనంత మాత్రాన గొర్రెలు చావలేదని ఎట్లా చెప్పడం? మిట్టమధ్యాహ్నం ఎండలో బూదిగుట్ట దారి పట్టాడు. సాకమ్మ పుట్టినూరు అదే. ఆమె అన్న చిక్కన్న మంద అక్కడే ఉంది. వాడి గొర్రెలు కూడా పోయి ఉంటే ఏం చెప్పి ఓదార్చాలా అనుకుంటూ సగం దారిలో వాగు మీది మోరీ దగ్గరికి వచ్చేసరికి, ఎదురుగా చిక్కన్నే వస్తున్నాడు. భుజాల మీద ఒక గొర్రెపిల్ల ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మంద పోయిన కాపరికి చుట్టాలు తలా ఒక పిల్లను ఇచ్చి మళ్ళీ మంద నిలబెట్టడం వాళ్ళ ఆచారం. చిక్కన్న ఓబిలప్పను చూడగానే కావలించుకుని, ఎన్ని పోయాయి బావా అని అడిగాడు.

"నావెందుకు పోతాయి? పోయింది మీవి గదా, నలభై."

"మాకింకా టీకానే వెయ్యలేదే. మీ ఊరి తర్వాతే మాకు. తిప్పనపల్లెలో నిన్న వేస్తే అరవై చచ్చాయని మా ఊళ్ళో అందరి ఫోన్లలోనూ వచ్చింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మోరీ గట్టు మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వారు. బతికే ఉన్న గొర్రెల కోసం ఒకడు ఏడ్చుకుంటూ వచ్చాడు, ఇంకొకడు ఓదార్పు మాటలు కూడబలుక్కుంటూ వచ్చాడు. నవ్వు ఆగాక ఓబిలప్ప ఆ పిల్లను వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. ఇస్తానని భుజానికెత్తిన పిల్లను మళ్ళీ దొడ్లో దించకూడదని చిక్కన్న ఒప్పుకోలేదు. పిల్ల మూతి నల్లగా ఉంది. అది సాకమ్మ తల్లి మందలోని వంశమే.

మర్నాడు పంచాయతీ ఆఫీసు దగ్గరికి ఊరి మందలన్నీ వచ్చాయి. ఓబిలప్ప ఇంటింటికీ తిరిగి చిక్కన్న మాట చెప్పాడు మరి. కాంపౌండరు శ్రీరాములు మోటారు సైకిలు మీద మందుపెట్టె కట్టుకుని పదకొండింటికి వచ్చాడు. అప్పటికే రెండు ఊళ్ళు ముగించుకుని వచ్చానని చెప్పి సూది తీశాడు. ముందు వరసలో సాకమ్మ గొర్రెలు మూడూ, చిక్కన్న ఇచ్చిన పిల్లా ఉన్నాయి.

అంతలో ఓబిలప్ప చూపు గోడ మీద పడింది. అక్కడ పశువుల ఆసుపత్రి వాళ్ళే అంటించిన కాగితం ఉంది. యాభై దాటాక రాత్రి బడిలో కూడబలుక్కుని నేర్చుకున్న చదువు అతనిది. వేలు పెట్టి ఒక్కో అక్షరమూ పైకి చదివాడు. టీకా మందు వేసేంతవరకు మంచులో ఉండాలి, వెచ్చబడిన మందు పనిచెయ్యదు అని దాని మీద రాసి ఉంది.

"పెద్దాయనా, ఇది ప్రభుత్వం మందు. అంతా సక్రమంగా ఉంది. నాదీ హామీ" అన్నాడు శ్రీరాములు.

"హామీ వద్దు సామీ. మూత తియ్యి."

శ్రీరాములు తియ్యలేదు. ఓబిలప్పే వంగి మూత తీసి పెట్టెలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. లోపల మంచు లేదు, నీళ్ళున్నాయి. ఎండలో ఉంచిన చెంబులో నీళ్ళలా గోరువెచ్చగా ఉన్నాయి. చెయ్యి బయటికి తీసి, తడి చేతిని ఊరివాళ్ళకు చూపించాడు.

ఒక్కసారిగా గోల లేచింది. ఫోనులో వచ్చింది నిజమే, మనల్ని చంపడానికే తెచ్చారు అని ఎవరో అరిచారు. ఇద్దరు శ్రీరాములు చొక్కా పట్టుకున్నారు. ఓబిలప్ప కర్ర అడ్డం పెట్టాడు.

"ఫోను చెప్పింది మందు చంపుతుందని. నేను చూసింది మందు వెచ్చబడిందని. ఆ అబద్ధాన్నీ ఈ తప్పునూ ఒక దొడ్లో కట్టకండి. చల్లని మందు మనకు కావాలి. తెప్పించుకుందాం."

చొక్కా వదిలాక శ్రీరాములు అరుగు మీద కూలబడి నిజం చెప్పాడు. రాత్రి కరెంటు లేక మంచు దొరకలేదు. నిన్నటి మంచుతోనే బయలుదేరాడు. సాయంత్రానికల్లా మూడు ఊళ్ళూ అయిపోవాలని పైనుంచి ఆజ్ఞ. పశువుల ఆసుపత్రి డాక్టరమ్మకు ఆ మాట నువ్వే చెప్పు, మేం చెబితే నీ నోటికాడ కూడు పోతుంది అన్నాడు ఓబిలప్ప. శ్రీరాములు అక్కడే నిలబడి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పొద్దున వేసివచ్చిన రెండు ఊళ్ళ పేర్లు కూడా దాచకుండా చెప్పాడు. చెప్పాక అతని మొహం కూడా తేలికపడింది.

మర్నాడు తెల్లవారుతూనే డాక్టరమ్మ స్వయంగా వచ్చింది. పెట్టె దించి, మూత తీసి ఓబిలప్ప ముందు పెట్టింది. అతను చెయ్యి పెట్టి వెంటనే లాక్కున్నాడు. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఊరంతా నవ్వింది, డాక్టరమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆమె చెప్పిన మాటలు అతనికి నచ్చాయి. సూది గుచ్చినచోట వాపు రావచ్చు, ఒకటి రెండు రోజులు మేత తగ్గవచ్చు, టీకా పట్టడానికి పదిహేను రోజులు పడుతుంది, అంతవరకు లేత గడ్డి మీదికి వదిలితే నేనేమీ చెయ్యలేను అంది. మంచితోపాటు చెడు కూడా చెప్పిన అధికారిని ఓబిలప్ప అదే మొదటిసారి చూడడం.

ఆమె టీకాలు వేసి వెళ్ళిన ఐదో రోజున వాన పడింది. మూడు రోజుల్లో గుట్ట పచ్చబడింది. గొర్రెలు దొడ్డి కంప మీదికి మెడలు చాచి అరుస్తుంటే ఓబిలప్ప వాటికి ఎండిన వేరుశనగ కట్టె వేసి, పొద్దెక్కి తడి ఆరాక లేత గడ్డి మొలవని బీడు మీద కాసేపు తిప్పి మళ్ళీ తోలుకొచ్చేవాడు. రోజూ లేవగానే దొడ్లోకి వెళ్ళి గొర్రెలను లెక్కపెట్టేవాడు. సాకమ్మ గుమ్మంలో నిలబడి అతని మొహం చూసేది. అతను తల ఊపితే పొయ్యి రాజేసేది.

పదిహేను రోజులు గడిచాయి, నెల గడిచింది. వెచ్చని మందు వేసిన రెండు ఊళ్ళకూ డాక్టరమ్మ మళ్ళీ వెళ్ళి చల్లని మందు వేసింది. తిప్పనపల్లెలో ఒక్క గొర్రె కూడా పోలేదు. ఒక తెల్లవారుజామున నల్లమూతి గొర్రె ఈనింది. ఓబిలప్ప తడిపిల్లను తుండుగుడ్డలో చుట్టి తెచ్చి సాకమ్మ ఒళ్ళో పెట్టాడు. దాని మూతి నల్లగా ఉంది. ఏడాది తర్వాత సాకమ్మ అతన్ని ఒక తిట్టు తిట్టింది. చలిగాలికి పిల్లను బయటికి తెస్తారా, బుద్ధి లేదా అంది. ఓబిలప్ప ప్రాణం కుదుటపడింది.

ఆ మధ్యాహ్నం ఈరన్న ఫోనులో అతను తన గొంతు పట్టించి చుట్టుపక్కల ఊళ్ళకు పంపించాడు. "నేను తిప్పనపల్లె ఓబిలప్పను. టీకా వేయించినాక నా మందలో ఒక్కటీ చావలేదు. నా మాట కూడా నమ్మకండి. వచ్చి చూసుకోండి" అన్నాడు. ముగ్గురు కాపరులు నిజంగానే వచ్చి చూశారు. అతను వాళ్ళకు టీ ఇప్పించాడు.

ఊరి బయట తొట్టి వాననీళ్ళతో నిండింది. కుళాయి మాత్రం ఇంకా రాలేదు. ఎప్పుడు వేస్తారో అడిగి రావడానికి ఓబిలప్ప ఇప్పుడు ప్రతి సోమవారం మండలాఫీసుకు వెళుతున్నాడు.

నీతి: పెద్దవాళ్ళు హామీ ఇచ్చినా, పదిమంది ఫోనులో పంపినా విన్నదాన్ని వెళ్ళి చూసి తేల్చుకోవాలి, చూడకుండా నమ్మేవాడు ఎంత మోసపోతాడో, చూడకుండా కాదనేవాడూ అంతే మోసపోతాడు.