పోలినాయుడి ఎల్బోల పరీక్ష

విశాఖ ఆటోనగర్‌లో ఎవరికి తెలివి చాలకపోయినా తన షెడ్డుకొచ్చి అప్పు తీసుకెళ్ళొచ్చని పోలినాయుడి నమ్మకం. "చెప్పిన మాట చెప్పినట్టు చేసీవోడే తెలివైనోడు. మా ముగ్గురం అంతే!" అనేవాడు. ముగ్గురంటే తను, భార్య వరహాలమ్మ, తమ్ముడు సింహాచలం. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల్ని మలుపు దగ్గర కలిపే ఎల్బోలు, బొటనవేలంతవి, చేసేవాళ్ళు. చేతిపని బంగారం. బుర్రల సంగతి మీరే చూడండి.

మందుల ఫ్యాక్టరీ ఇంజనీరు భ్రమరాంబగారు రెండొందల ఎల్బోలకు ఆర్డరిచ్చింది. పరీక్షలో నెగ్గితే ఏడాది పొడుగునా పని. లేదంటే షెడ్డు మూసి మామగారి ఇటుకల బట్టీలో చేరాలి. మామగారి పేరు వింటేనే పోలినాయుడికి ముచ్చెమటలు.

"ఈ డ్రాయింగులో ఉన్నట్టే రావాలి. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు" అని ఆవిడ కాగితం ఇచ్చి వెళ్ళింది. ఆ బొమ్మ మీద ఆవిడ టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉంది. ఇంకేముంది! సరుకు తయారవగానే వరహాలమ్మ గోధుమరంగు పెయింటు డబ్బా తెచ్చుకుని కూర్చుంది.

"ఇదేమిటండీ?" అంది భ్రమరాంబగారు, ఎల్బో చూసి.

"టీ మరకండి. రెండొందలకీ ఏశాం. మీ గ్లాసుదే!"

కొలతలు మాత్రం అచ్చుగుద్దినట్టున్నాయి. అందుకే ఆవిడ తమాయించుకుని, రంగు తుడిపించి, ఒక అయస్కాంతం చేతికిచ్చింది. "మేం అడిగిన రకం స్టీలైతే దీనికి అతుక్కోదు. అతుక్కున్నది ఏదీ షెడ్డులో ఉంచకండి."

ఎల్బో ఒక్కటీ అతుక్కోలేదు. ముగ్గురూ గంతులేశారు. ఆ ఊపులో సింహాచలం అయస్కాంతాన్ని సుత్తికి తగిలించాడు. టక్కున పట్టుకుంది. అంతే, సుత్తి బయటికి! స్పానర్లు బయటికి! వరహాలమ్మ అట్లపెనం బయటికి! పదిమందిని పిలిచి, తాళ్ళు కట్టి, లేత్ మిషను కూడా బయట కురుస్తున్న వానలోకి లాగేశారు.

"ఒదినా, తలుపు గడియ కూడా అతుక్కుందే!"

"అయితే తలుపు పీకెయ్ మరిదీ. ఆర్డరు పోతే మా అయ్య ఊరుకుంటాడేటి?"

శుక్రవారం భ్రమరాంబగారు వచ్చేసరికి షెడ్డులో ఎల్బోలూ, ఈ ముగ్గురూ తప్ప ఏమీ లేవు. ఆవిడ తల పట్టుకుని, అన్నీ లోపల పెట్టించి, మెల్లగా చెప్పింది. "ఇంకొక్క పరీక్షే మిగిలింది. కోసి చూడండి. లోపల పగులు లేదని తేలితే, రేపు సరుకు తీసుకుని ఏడాది పనికి సంతకం పెడతాను."

ఒకటి కోశారు. లోపల అద్దంలా ఉంది. పోలినాయుడి కళ్ళు చెమర్చాయి. ఇంతలో సింహాచలం గడ్డం గోక్కున్నాడు.

"దీనికి లేదు సరే అన్నియ్యా. పక్కదానికి లేదని ఎలా తెలుస్తాది?"

నిజమే కదా! పక్కది కోశారు. దాని పక్కది కోశారు. శనివారం ఆవిడ వచ్చేసరికి పోలినాయుడు గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"ఒక్కదానికీ పగులు లేదమ్మా! రెండొందలూ కోసి చూశాం!"

భ్రమరాంబగారు స్టూలు మీద కూలబడింది. "ఇప్పుడు ఈ రెండొందలతో నేనేం చేసుకోను?"

"రెండొందలేటమ్మా, లెక్కెట్టండి. నాలుగొందలున్నాయి!"

సోమవారం పొద్దున్నే ముగ్గురూ ఇటుకల బట్టీ దగ్గర తేలారు. మామగారు మీసం దువ్వి, "ఇటుక లోపలిదాకా కాలిందో లేదో పగలగొట్టి చూడు అల్లుడూ" అని టీ తాగడానికి వెళ్ళాడు.

ఎదురుగా లక్ష ఇటుకలు. పోలినాయుడు చొక్కా చేతులు పైకి మడిచి, "ఒరే సింహాచలం, మూడు సుత్తులు తేరా!" అన్నాడు.