దారి పక్కన ఉమ్మేసిన మూడు గింజలు

ఏది ముందో ఏది వెనకో నేను కాస్త తారుమారు చేయవచ్చు. కథ మాత్రం ఇదే.

చింతలకోన అడవిలో దుప్పులు, ఎలుగులు, అడవిపందులు, కొండముచ్చులు ఉండేవి. ఆ ఏడు అడవికి దిగులు పట్టుకుంది. ఏ రోగమూ లేనివాళ్లు నడుస్తూ నడుస్తూ గుండె పట్టుకుని కూలిపోతున్నారు.

వైద్యం తెలిసిన, ఒళ్లంతా పొలుసులున్న అలుగు పోలమ్మ దగ్గర ఒక చేదు బెరడు ఉంది. నెత్తురు పారే దారుల్లో కొవ్వు పేరుకోకుండా అది కాపాడుతుంది. కానీ బతికినంత కాలం రోజూ తినాలి. కొందరికి కాళ్లు లాగుతాయి. అందుకే పోలమ్మ తూచి ఇచ్చేది. రాతి మీద అడ్డంగా ఒక చెక్క. ఒక కొసన బెరడు పెట్టే బాధకు ఒక గులకరాయి. రెండో కొసన, వయసు మళ్లకుండానే గుండె ఆగిన అయినవాళ్లు ఎందరో అన్ని ఇప్పగింజలు. ఆ గింజలు ఎవరికి వారే తెచ్చుకోవాలి. చెక్క గింజల వైపు ఒరిగితేనే బెరడు.

అడవిపంది నాగులమ్మకు మొగుడి గురించే బెంగ. భూమయ్య తండ్రి, ఇద్దరు అన్నలు అలాగే పోయారు. ఆమె మూడు గింజలు ఏరి అతని బుగ్గన పెట్టింది.

"నాకేం రోగమే? నిన్న ఒక్క కుమ్ముతో పుట్ట పడగొట్టాను."

"రోగం వచ్చాక వెళ్లడానికి నువ్వుండాలిగా. ఇప్పుడే వెళ్లు."

వెళ్లాడు. చెక్క దగ్గర దుప్పి సోమాలు ఉంది. లేత వయసు, గింజలు లేవు. "నీకు అక్కర్లేదు. గంతులు మానకు," అంది పోలమ్మ. తరవాత ఎలుగు ఈరన్న రెండు గింజలు పెట్టి బెరడు తీసుకున్నాడు. "కాళ్లు లాగితే వచ్చి చెప్పు, తగ్గించి ఇస్తాను," అంది.

చెట్టు మీది కొండముచ్చులు పకపకా నవ్వాయి. "ఎలుగు మామా, మీ వంశమంతా పుచ్చు గుండెలేనా!"

భూమయ్య ఆ మాట విన్నాడు. దారి పక్కకు తిరిగి మూడు గింజలూ ఉమ్మేశాడు.

"మీవాళ్ల సంగతి?" అని అడిగింది పోలమ్మ.

"మావాళ్లంతా పండి రాలినవాళ్లే."

చెక్క గులకరాయి వైపు ఒరిగింది.

"నాకు అక్కర్లేదంది," అన్నాడు ఇంటికొచ్చి. పోలమ్మ అన్నది ఆ మాటే. నాగులమ్మ ఆ పూట కడుపునిండా తింది.

తొలకరి పడింది. ఒక పొద్దున భూమయ్య బురదగుంటలోంచి లేవబోయి కూలాడు. మళ్లీ లేవలేదు.

నాగులమ్మ పోలమ్మ మీదికి వెళ్లింది. "మూడు గింజలు తెచ్చినా బెరడు ఇవ్వవా తల్లీ?"

"మూడా? ఒక్కటీ పెట్టలేదమ్మా. పెడితే ఇచ్చేదాన్నే. బతికేవాడని ఒట్టు వేయలేను, బెరడు తిన్నవాళ్లలోనూ పోయినవాళ్లున్నారు. కానీ తూకమే తప్పు పడింది."

వెనుదిరిగితే, దారి పక్కన ఒకే చోట మూడు ఇప్ప మొలకలు. నాగులమ్మ వాటిని ఒక్కొక్కటే ముట్టి లెక్కపెట్టింది.

కాళ్లు లాగుతున్నాయని చెప్పి బెరడు తగ్గించుకున్న ఈరన్న మెల్లగా నడుస్తూ ఇంకా తేనె వెతుక్కుంటున్నాడు. నాగులమ్మ పిల్లలు ఎదిగాక, ఒక్కొక్కరి బుగ్గన నాలుగేసి గింజలు పెట్టి చెక్క దాకా తనే వెంట నడిచింది.

నీతి: రోగం రాకముందే మందు కావాలో వద్దో తూచి చూసుకోవాలి, తూచేవారి దగ్గర నిజం దాస్తే నష్టం మనకే.

వసుంధరా, మీ పెద్దమ్మకు పేర్లు జారిపోతున్నాయి, ఒకసారి సరిచూడమ్మా. పిల్లల గింజలు మాత్రం నాలుగే.