పిండి అంటిన తేనెటీగలు

కొండవాలంతా వలిసపూలు విరగబూసే కార్తీకంలో, మా గెడ్డకి ఈ ఒడ్డున సన్నెమ్మ అనే మేక, ఆ ఒడ్డున అప్పలకొండ అనే ఎలుగుబంటి చెరో పెట్టెలో తేనెటీగలు పెంచుకునేవారు. పెట్టెలు రెండూ ఒకే వడ్రంగిపిట్ట చేసినవే. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేం.

పెట్టెలు ఒకటే అయితే ఏం లాభం? అడవిలో తేనె కావాలన్న వాళ్ళందరూ సన్నెమ్మ వాకిట్లోకే వెళ్ళేవారు. అది చూసి అప్పలకొండకి కడుపు మండిపోయేది. "ఆకులు మేసేదానికి తేనె సంగతి ఏటి తెలుసు? తాతల కాలం నుంచీ తేనె మా ఎలుగుల సొత్తు" అని రోజూ కళ్ళలో నిప్పులు పోసుకునేవాడు.

ఒకనాటి ఉదయం సన్నెమ్మ తన పెట్టెను చలికాలానికి సిద్ధం చేస్తోంది. పైన గోనెసంచి, దాని మీద గడ్డి కప్పింది. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ళ కింద నీళ్ళ చిప్పలు పెట్టింది. ఈగలు వచ్చిపోయే దారిని బంకమట్టితో మెత్తి, ఒక్క ఈగ పట్టేంత కంత మాత్రం వదిలింది. అప్పలకొండ గెడ్డ దాటి వచ్చి నిలబడ్డాడు.

"ఏటి సన్నెమ్మా, ఈగలకి మేడ కడతన్నావా?"

"చలిగాలి కొట్టకుండా బావా. లోపల సగం తేనె కూడా వాటికే ఉంచేసినాను."

"సగమే! మతుండే అంటన్నావా?"

"పుష్యమాసంలో పూలుండవు కదా. అప్పుడు అవేటి తింటాయి?"

అప్పలకొండ నవ్వుకుంటూ ఇంటికి పోయి, తన పెట్టెలోని పట్లన్నీ చుక్క మిగల్చకుండా పిండేశాడు. సన్నెమ్మ కంటే రెండు కుండల తేనె ఎక్కువే వచ్చింది. ఆ కుండల్ని దారినపోయే వాళ్ళకి కనిపించేలా అరుగు మీద వరసగా పేర్చాడు. మూడో రోజుకి పెట్టెలో ఒక్క ఈగ లేదు. తిండి లేని ఇంట్లో ఎవరుంటారు? రాణితో సహా లేచి కొండెక్కిపోయాయి.

పోనీ, అప్పుడైనా బుద్ధి వచ్చిందా? పొరుగింటి పుల్లకూర రుచి కదా! మంచు కమ్మిన తెల్లవారుజామున, ఈగలన్నీ లోపల ముడుచుకుని ఉండగా, సన్నెమ్మ పెట్టెను ఎత్తుకుపోయి తన బల్ల మీద పెట్టుకున్నాడు. తన ఖాళీ పెట్టెకి మట్టి మెత్తి, దాన్ని ఆమె వాకిట్లో పెట్టి గోనె, గడ్డి కప్పేశాడు.

ఎండ వచ్చింది. పూల మీదికి వెళ్ళిన ఈగలు అలవాటు ప్రకారం సన్నెమ్మ వాకిట్లోకే తిరిగొచ్చి, పెట్టె చుట్టూ గిరగిరా తిరుగుతున్నాయి, లోపలికి పోవడం లేదు. సన్నెమ్మ మూత తీసి చూసింది. అంతా గుల్ల! గెడ్డ అవతల అప్పలకొండ పెట్టెలోంచి ఈగలు ఎగురుతున్నాయి. గెడ్డ దాటి పరుగెత్తింది.

"బావా, ఆ పెట్టె నాది!"

"పేరు రాసుందేటి? నీ ఈగలు లేచిపోయుంటాయి. మట్టి మెత్తడం నీ దగ్గరే నేర్చుకున్నాను, తప్పా?"

"సాయంత్రానికి ఈగలు గూడు చేరకపోతే రాణీ పిల్లలూ చలికి చచ్చిపోతాయి బావా!"

చస్తే చావనీ అనుకున్నాడు అప్పలకొండ. తేనె తనకుంటుంది, అంతకంటే ముఖ్యంగా సన్నెమ్మకి ఉండదు. ఆ ఊహకే తేనె తాగినంత తృప్తిగా ఉంది.

ఈ గొడవ విని ముసలి ఎద్దు తవిటయ్య వచ్చాడు. అడవిలో ఏ తగువైనా తీర్చేది ఆయనే.

"సాక్ష్యం ఉందామ్మా?" అన్నాడు.

"ఉంది పెద్దయ్యా. గుప్పెడు బియ్యప్పిండి ఇప్పించండి."

పిండి తెప్పించగానే సన్నెమ్మ దాన్ని అప్పలకొండ బల్ల మీదున్న పెట్టె కంత దగ్గర దట్టంగా చల్లింది.

"ఇదేటి పూజ?" అని వెక్కిరించాడు అప్పలకొండ.

"చూస్తూ ఉండు బావా."

ఒక్కటే కంత, అదీ ఇరుకు. లోపల మిగిలిన ఈగలు ఒక్కొక్కటీ పిండిలో పొర్లుకుంటూ బయటికొచ్చి ఎగిరిపోయాయి. ముగ్గురూ సన్నెమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. కాసేపటికి ఒక తెల్లటి ఈగ దిగింది. తరవాత నాలుగు. ఆ తరవాత లెక్కపెట్టడం మానేశారు.

"ఒరే అప్పలకొండా, నీ ఇంట్లో పిండి పూసుకున్న ఈగలకి ఈవిడ వాకిట్లో ఏం పనిరా?"

"దా... దారి తప్పుంటాయి పెద్దయ్యా."

"ఈగ తన ఇంటి దారి తప్పదు. తప్పింది నువ్వు. ఎత్తు ఆ పెట్టె, నడు!"

దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా ఎత్తాడు. కానీ ఇది తెల్లవారుజాము కాదు, ఈగలు నిద్రలో లేవు. ఒళ్ళంతా బొచ్చే గనక, బొచ్చు లేని ముక్కునే వెతికి మరీ కుట్టాయి. అడవంతా దారికి రెండు పక్కలా నిలబడి చూసింది.

పొద్దు వాలకముందే పెట్టె పాత చోటికి చేరింది. ఈగలు బిలబిలా లోపలికి దూరాయి. మూత ఎత్తి చూసిన సన్నెమ్మకి రాణి క్షేమంగా కనిపించింది. ఆ సంతోషంలో కోపం కూడా మరిచిపోయింది.

"బావా, వచ్చే ఏడు ఈ గుంపు రెండుగా చీలితే ఒకటి నీకే ఇస్తాను. మరి సగం తేనె వాటికి వదలాలి."

గుమ్మడికాయంత ముక్కు పట్టుకుని అప్పలకొండ ఆ పెట్టె వంక చూశాడు.

"సరే గానీ, రెంట్లో పెద్ద గుంపు ఎవరికి?" అన్నాడు.

ఎదుటివాడి పెట్టె బరువు చూసి కుళ్ళేవాడికి, సొంత పెట్టెలో ఈగ కూడా మిగలదు.